పట్టాలు లేని మలుపు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో సాయంత్రం సైరన్ మోగగానే సైకిళ్ళన్నీ గేటు దాటి ఎవరిళ్ళ వైపు వాళ్ళు విడిపోతాయి. బుజ్జిబాబు సైకిలు మాత్రం ఊరు చుట్టడానికి బయల్దేరుతుంది. అతని క్వార్టరు నిమ్‌పురాలో. తిన్నగా పోతే టీ చల్లారేలోపు ఇంట్లో ఉండొచ్చు. కానీ అతను తాల్‌బగీచా మీదుగా వెళ్ళి, రిటైరైన గార్డు గణపతిరావు గారి ఇంటి ముందు బెల్లు కొట్టి, అక్కణ్ణుంచి ట్రాఫిక్ అనే రైల్వే పేట వైపు తిరిగి, బెంగాలీ తీతూ దా కొట్టులో టీ తాగి, అప్పుడు గానీ ఇల్లు చేరడు. వానైనా, వడగాలైనా ఇదే దారి.

ఎందుకయ్యా ఈ తిరుగుడు అని అడిగితే "గాలి కోసం" అంటాడు. ముప్ఫై దాటిన ఫిట్టరు, పొద్దస్తమానం చక్రాలతో కుస్తీ పట్టి, సాయంత్రం గాలి కోసం సైకిలు తొక్కుతాడట! నమ్మేవాళ్ళు నమ్మొచ్చు. ఆ గాలి పేరు కళ్యాణి అని తీతూ దా కొట్టు ముందు పడుకునే కుక్కకి కూడా తెలుసు.

కళ్యాణి గార్డు గారి ఒక్కగానొక్క కూతురు. ట్రాఫిక్‌లోని తెలుగు బడిలో సైన్సు చెబుతుంది. చిన్నప్పుడు ఇద్దరి క్వార్టర్లూ ఒకే వరసలో ఉండేవి కాబట్టి ఇప్పటికీ ఒకరికొకరు నువ్వే. తల్లి పోయాక ఇల్లూ, మోకాళ్ళ నొప్పుల తండ్రీ, బడీ అన్నీ ఆవిడ నెత్తిమీదే పడ్డాయి. ఆ ఇంట్లో నీళ్ళ పంపు మొరాయించినా, ఫ్యాను మూలిగినా బుజ్జిబాబుకే కబురు వెళ్తుంది. అతను వస్తాడు, బాగుచేస్తాడు, ఆవిడిచ్చిన కాఫీ తాగుతాడు, "వస్తాను గార్డు గారూ" అని వెళ్ళిపోతాడు. ఇన్నేళ్ళలో తాగిన కాఫీలన్నీ కలిపితే చిన్న చెరువవుతుంది గానీ, అడగవలసిన మాట ఒక్కటీ పైకి రాలేదు.

అడగడానికి భయం. అడిగాక ఆ పెద్దాయన కాదంటే? అప్పుడు పంపూ ఉండదు, ఫ్యానూ ఉండదు, గుమ్మం ముందు బెల్లు కొట్టే హక్కూ ఉండదు. దక్కుతుందో లేదో తెలియని దాని కోసం దక్కినదాన్ని పోగొట్టుకోవడం ఎందుకని మనవాడి లెక్క. అడగందే అమ్మైనా పెట్టదన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

అలాంటివాణ్ణి ఒక సాయంత్రం గణపతిరావు గారే అరుగు మీంచి కేకేసి పిలిచారు.

"ఒరే బుజ్జీ, ఆదివారం కళ్యాణిని సూసుకోడానికి వస్తన్నారు. ఆద్రా జంక్షన్ నించి. కుర్రోడు స్టేషన్ మాస్టరు, ఫణీంద్ర అని. ఆడూ, ఆళ్ళమ్మా వస్తారు. నా మోకాళ్ళు సూస్తన్నావు గదా. నువ్వే స్టేషన్‌కెల్లి ఆళ్ళని తీసుకురావాల."

గుండె జారి చక్రం కింద పడినట్టయింది బుజ్జిబాబుకి. నోరు తెరిచాడు. ఇప్పుడైనా అంటాడేమో అనుకుంటాం కదా? "సరే గార్డు గారూ" అన్నాడు. ఏం చేస్తాం, కొందరి నాలుకకి కూడా బ్రేకు బిగించి పంపిస్తాడు దేవుడు.

ఆ వారంలోనే కళ్యాణి అతనికో పని చెప్పింది. సూర్యుడి చుట్టూ భూమి ఎలా తిరుగుతుందో పిల్లలకి చూపించాలి, ఏదైనా చేసి తెమ్మంది. ఆవిడకి చేసిపెట్టే ఆఖరి పని ఇదేనేమో అన్న దిగులుతో, ఆ దిగులంతా చేతుల్లోకి దించి మరీ చేశాడు బుజ్జిబాబు. శనివారం నాడు సెలవు పెట్టి దాన్ని గుడ్డలో చుట్టి బడికి పట్టుకెళ్ళాడు.

గుడ్డ విప్పగానే పిల్లలు ఓహో అన్నారు. మధ్యలో తళతళలాడే ఇత్తడి సూర్యుడు. చుట్టూ ఇనప బద్ద వంచి వేసిన గుండ్రటి పట్టాలు. ఆ పట్టాల మీద నాలుగు చక్రాల చిన్న ట్రాలీ, దాని నెత్తిన నీలం రంగు వేసిన భూమి, ముందు బొమ్మల మోటారుతో నడిచే ఇంజను. మీట నొక్కితే భూమి గడగడమంటూ సూర్యుడి చుట్టూ పరుగెత్తింది.

"భూమి లోకల్!" అని అరిచాడొకడు. తరగతంతా ఘొల్లుమంది. కళ్యాణి కూడా చెంగు అడ్డం పెట్టుకుంది.

"ఏటి, బాగోలేదా?" అన్నాడు బుజ్జిబాబు.

"ఎంత బాగుందో! కానీ రెండే రెండు తప్పులున్నాయి బుజ్జీ. భూమికి ఇంజను లేదు, పట్టాలూ లేవు."

"ఇంజను లేకుండా బండెలాగ కదులుతాది?"

"నిమ్‌పురా యార్డులో ఇంజను వ్యాగన్ని ఒక్క నెట్టు నెట్టి వదిలేస్తుంది కదా. ఆ తర్వాత వ్యాగను తనంతట తను పోతుందా లేదా?"

"పోతాది. బ్రేకెయ్యకపోతే అవతల బండిని గుద్దినదాకా పోతాది."

"అక్కడ పైన బ్రేకు వేసేవాళ్ళు లేరు. ఆపడానికి గాలి కూడా లేదు. పుట్టినప్పుడు పట్టుకున్న పరుగే భూమికి ఇప్పటికీ ఉంది."

ఫిట్టరు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. కానీ రెండోది మాత్రం మింగుడు పడలేదు. "సరే, ఇంజను ఒద్దు. పట్టాలు లేకపోతే మలుపెలాగ తిరుగుతాది? తిన్నగా పోవాల గదా."

కళ్యాణి కళ్ళు మెరిశాయి. ఆవిడ ఈ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టుంది. చాక్‌పీసు తీసి అలా ముందుకి విసిరింది. అది కొంత దూరం పోయి నేల మీద పడింది. ఇంకాస్త గట్టిగా విసిరింది. ఇంకాస్త దూరం పోయి పడింది.

"చూశారా, ఎంత పక్కకి పరుగెత్తినా పడడం మానలేదు. భూమి కూడా అంతే. సూర్యుడు లాగుతున్నాడు, భూమి సూర్యుడి వైపు పడుతోంది. నిజంగానే పడుతోంది, ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నప్పుడు కూడా. కానీ పక్కకి పరుగు ఎంత ఉందంటే, ఆ పడడమంతా దారి వంచడానికే సరిపోతోంది. దగ్గరికి చేరడానికి మిగలడం లేదు. అందుకే పడుతూనే ఉంటుంది, చేరదు."

"మరి భూమి ఆగిపోతేనో, టీచర్?" అంది ముందు బెంచీలో కూర్చున్న డయానా.

"ఆగితే తిన్నగా వెళ్ళి సూర్యుడిలో పడుతుంది."

ఆ మాట అంటూ కళ్యాణి డయానా వైపు చూడలేదు. ఎవరి వైపు చూసిందో చూడవలసినవాడు అప్పుడు తన ట్రాలీ చక్రం సరిచేసుకుంటున్నాడు.

పిల్లలు వెళ్ళిపోయాక ఇద్దరే మిగిలారు. "రేపు స్టేషన్‌కెల్తన్నావట" అంది ఆవిడ.

"గార్డు గారు సెప్పినారు గదా."

"ఎల్తావా?"

"మరి పెద్దాయన సెప్పినాక..."

కళ్యాణి చాక్‌పీసుల డబ్బా మూత టప్పున మూసి, చీర చెంగు దులుపుకుని వెళ్ళిపోయింది. మోడలు ఆవిడకి నచ్చలేదేమో అనుకున్నాడు మహానుభావుడు. సైకిలెక్కి పోతుంటే మాత్రం ఆవిడ చెప్పిన మాట ఒకటి మనసులో ముల్లులా దిగింది. పడుతూనే ఉంటుంది, చేరదు. తన బతుకు గురించి ఇంత సూటిగా ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు అతను గార్డు గారింటి ముందు బెల్లు కొట్టలేకపోయాడు.

ఆదివారం పొద్దున్న ప్లాట్‌ఫారం మీద ఫణీంద్రని చూడగానే ఏదో ఒక లోపం పట్టుకోవాలని బుజ్జిబాబు గట్టిగానే ప్రయత్నించాడు. దొరకలేదు. మనిషి సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. తల్లి చంద్రకళమ్మ సంచీలన్నీ తనే మోస్తున్నాడు. పైగా "మీరు మా కోసం ఆదివారం పాడుచేసుకున్నారు దాదా" అని నొచ్చుకున్నాడు. మంచివాడి మీద కోపం తెచ్చుకోవడమంత కష్టం ఇంకోటి లేదు. బుజ్జిబాబు వాళ్ళని టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కించి, వెనక సైకిలు తొక్కుకుంటూ తాల్‌బగీచా చేర్చాడు.

గార్డు గారింట్లో బొబ్బట్లు, బజ్జీలు సిద్ధంగా ఉన్నాయి. అరుగు మీద పూలకుండీ, దాని పక్కన చిన్న స్టూలు, స్టూలు మీద పళ్ళెం, అందులో చంద్రకళమ్మ తెచ్చిన పళ్ళూ, పూలూ, వెండి కుంకుమ భరిణె. కళ్యాణి ఆకుపచ్చ చీరలో వచ్చి కూర్చుంది. చీర బాగుంది. మొహమే, పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు ఉండే మొహం.

కుర్చీలు సర్దుతున్న బుజ్జిబాబుని చంద్రకళమ్మ కిందికీ పైకీ చూసింది. "ఈ అబ్బాయి మీకేటవుతాడండీ?"

"మావోడే" అన్నారు గణపతిరావు గారు.

"మావోడంటే? ఏ వరస?"

 గార్డు గారు దగ్గారు. బజ్జీ కొరికారు. చివరికి "పంపు బాగుసేస్తాడు" అన్నారు. బుజ్జిబాబు చేతిలో కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇన్నేళ్ళ మనిషికి ఆ ఇంట్లో ఉన్న పేరు అదా అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ తప్పెవరిది? వరస కలుపుకోవలసినవాడు నోరు మూసుకుంటే పెద్దాయన మాత్రం ఏమని చెబుతాడు?

మాటలు ఆగిపోవడం చూసి ఫణీంద్రే కల్పించుకున్నాడు. "ఈ వారం బళ్ళో ఏటి సెప్పినారండీ?"

"సూర్యుడు భూమిని ఎలా పట్టుకుని ఉంచుతాడో చెప్పినాను" అంది కళ్యాణి. అందరి వైపూ తిరిగి, "మీరంతా రైల్వే వాళ్ళు. మీకో ప్రశ్న. ఉన్నట్టుండి సూర్యుడు లాగడం మానేస్తే భూమి ఎటు పోతాది?" అంది.

"బయటికి!" ముగ్గురి నోటా ఒకేసారి వచ్చింది.

రైల్వేలో ముగ్గురు ఒకే మాట మీద నిలబడడం అపురూపం. అలాంటిది గార్డూ, స్టేషన్ మాస్టరూ, ఫిట్టరూ కలిసి ఒక్కటైపోయారు. "ముప్పయ్యేళ్ళు బండి సివర బ్రేక్‌వ్యాన్‌లో తిరిగినాను. మలుపొస్తే నా అన్నం కేరేజీ బయటి గోడకేసి జారిపోయీది" అన్నారు గార్డు గారు. "మలుపులో బయటి పట్టా ఎత్తుగా ఏస్తారు, ఎందుకంటారు? బండి బయటికి తోసుకుపోతాది గనక" అన్నాడు ఫణీంద్ర. "మలుపుల్లో బయటి పట్టాకి ఒరుసుకుని సక్రాల అంచులు అరిగిపోయి వస్తాయి. రోజూ సూస్తన్నాను" అన్నాడు బుజ్జిబాబు, కాసేపు తన దుఃఖం కూడా మర్చిపోయి.

"కాదు" అంది కళ్యాణి.

"కాదేటే! రైలోడికి మలుపు గురించి సెప్తావా?" గార్డు గారు మీసం దువ్వారు.

"అయితే చూద్దాం రండి."

ఆవిడ లోపలికి వెళ్ళి ఒక బంగాళాదుంప తెచ్చి, గుడ్డలో మూటకట్టి, మూటకి పొడుగాటి దారం కట్టింది. ఆ దుంప భూమి. దారం సూర్యుడి లాగుడు. సూర్యుడి స్థానంలో ఎవరుండాలని ఎవరూ అడగలేదు. దారం తిన్నగా బుజ్జిబాబు చేతికే ఇచ్చింది.

అతను వాకిలి నడుమ నిలబడ్డాడు. ఎదురుగా వీధి గేటు. ఒక పక్క అరుగు, రెండో పక్క ప్రహరీ గోడ. "దుంప గేటుకి ఎదురుగా వచ్చినప్పుడు దారం వదలాలి. మీ లెక్క ప్రకారం గేటులోంచి వీధిలోకి పోవాలి" అంది కళ్యాణి.

"గేటుకెదురుగా ఎవరూ నిలబడకండి!" అని గార్డు గారు వీధంతా వినబడేలా కేకేసి, చుట్టాలని భద్రంగా అరుగు మీదే కూర్చోబెట్టారు. తను కూడా వెళ్ళి స్టూలు పక్కనే కూర్చున్నారు.

బుజ్జిబాబు దుంపని తల మీద గిరగిరా తిప్పసాగాడు. "అటు కాదు, ఇటు తిప్పు" అంది కళ్యాణి, వేలితో గాలిలో సున్నా చుట్టి. అతను దిక్కు మార్చాడు. దుంప ఒకసారి గేటు ముందు, ఒకసారి వెనక, ఒకసారి అరుగు వైపు మెరుస్తూ పోతోంది. ఆవిడ కళ్ళు చికిలించి చూస్తోంది. "వదులు!" అంది.

వదిలాడు. భూమి గేటు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. పక్కకి తిరిగి, తిన్నగా, బాణంలా అరుగు మీదికి పోయి పళ్ళేనికి ఠంగున తగిలింది. పళ్ళు దొర్లిపోయాయి. కుంకుమ భరిణె ఎగిరి గచ్చు మీద బోర్లా పడింది. అరుగంతా ఎర్రగా అయిపోయింది.

"ఓలమ్మో! కుంకం!" అంటూ చంద్రకళమ్మ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. "శుభమా అని వచ్చి కూకుంటే ఇదేటి తల్లీ!"

 ఫణీంద్ర మాత్రం దుంప పోయిన దారినే చూస్తూ, "తిన్నగా పోనాది. బయటికి కాదు, తిన్నగా" అని తనలో తను అనుకున్నాడు. తర్వాత కళ్యాణి వైపు చూశాడు. ఆవిడ అప్పటికే వంగి, పెద్దావిడ చేతులు పట్టుకుని "తప్పయిపోనాది అమ్మా, మన్నించండి" అంటోంది. నిజంగానే నొచ్చుకుంది.

కల్యాణమొచ్చినా కక్కొచ్చినా ఆగవంటారు. ఈ కల్యాణం మాత్రం బంగాళాదుంపకి ఆగిపోయింది. వచ్చిన వాళ్ళు మర్యాదగానే భోజనం చేసి, మర్యాదగానే "మళ్ళీ కబురు సేస్తాం" అన్నారు. అలాంటి కబురు ఎప్పుడూ రాదని అందరికీ తెలుసు. గార్డు గారు బుజ్జిబాబుని పక్కకి లాగి "నీ రైల్వే బుర్ర తగలెయ్య! బయటికి పోతాదన్నావు గదరా!" అన్నారు. తను కూడా అదే అన్నానన్న సంగతి ఆయనకి ఆ క్షణాన గుర్తు లేదు.

తిరుగు ప్రయాణంలో కూడా స్టేషన్‌కి తీసుకెళ్ళింది బుజ్జిబాబే. దారి పొడుగునా తనని తను తిట్టుకున్నాడు. సంబంధం తప్పిపోయినందుకు లోపల ఎక్కడో సంతోషం వేసిన మాట నిజం. ఆ సంతోషం వేసినందుకు సిగ్గుపడ్డ మాట అంతకంటే నిజం. ఆవిడకి మంచి మనిషి దొరికాడు, మంచి ఇల్లు దొరికేది. తన చేత్తో చెడగొట్టాడు. ఇంక ఆ గుమ్మం ఎలా ఎక్కుతాడు?

చంద్రకళమ్మ ఆడవాళ్ళ వెయిటింగ్ రూములో నడుం వాల్చాక, ఫణీంద్ర అతన్ని టీకి తీసుకెళ్ళాడు.

"నన్ను క్షమించండి బాబూ. నా వల్లే..." అన్నాడు బుజ్జిబాబు.

"మీ వల్లా?" ఫణీంద్ర నవ్వాడు. "ముగ్గురు రైలోళ్ళం తప్పు సెప్పినాం. కానీ అది ఎటెల్తాదో అక్కడ ఒకలికి ముందే తెలుసు గదా దాదా."

"ఎవరికి?"

"ఇటు తిప్పు అని దిక్కు మార్చింది ఎవరు? వదులు అన్నది ఎవరు?"

బుజ్జిబాబు వేలితో గాలిలో సున్నా చుట్టి చూసుకున్నాడు. ఫణీంద్ర తన టీ తాగేసి, అతని భుజం తట్టాడు. "మాకు పచ్చ లైటు ఎయ్యడం వరకే పని. ఏసినాక కూడా కదలకుండా కూకునే డ్రైవరుంటే ఏటి సేస్తాం? మా అమ్మకి నాను నచ్చచెప్పుకుంటాను. మీరెల్లండి."

తాల్‌బగీచా వైపు ఆ సాయంత్రం ఒక సైకిలు పోయిన వేగానికి తోవలో కోళ్ళు చెదిరిపోయాయి. ట్రాఫిక్ పేట లేదు, తీతూ దా కొట్టు లేదు. ఊరు చుట్టే ఆ సైకిలు ఇంత తిన్నగా పోవడం చూసినవాళ్ళెవరూ లేరు.

కళ్యాణి అరుగు మీద కుంకుమ కడుగుతోంది. చీర కుచ్చిళ్ళు ఎర్రగా తడిశాయి. గేటు దగ్గర ఆగిన మనిషిని చూసి కూడా చీపురు ఆపలేదు.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు బుజ్జిబాబు రొప్పుతూ.

"ఏడేళ్ళుగా చెప్తన్న పాఠం. తెలవదా మరి?"

"పళ్ళేనికేసి కొట్టించినావా!"

"పళ్ళేనికి కాదు. ఆ పక్కన పూలకుండీ ఉంది చూడు, దానికి తగలాలి. కుండీ పగిలితే ఆ పెద్దావిడే శకునం బాగోలేదనుకుని ఊరుకుంటుందనుకున్నాను. నువ్వు వదలడం కాస్త ఆలస్యం చేసినావు." చీపురు పక్కన పెట్టి అతని వైపు తిరిగింది. "ఎప్పట్లాగే."

బుజ్జిబాబుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట సెప్పలేదేటి కళ్యాణీ? సూర్యుడే లాగుతాడు, భూమే తిరగాల అనుకున్నాను. నా తిరుగుడు నాదే, నీకేటీ పట్టలేదనుకున్నాను."

"అదే మీ అందరికీ తెలియని ముక్క." ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. "లాగడం ఒక వైపు నుంచే ఉండదు బుజ్జీ. సూర్యుడు భూమిని ఎంత గట్టిగా లాగుతాడో, భూమీ సూర్యుణ్ణి అంతే గట్టిగా లాగుతాది. పిసరంత కూడా తక్కువ కాదు. సూర్యుడు చాలా బరువు కాబట్టి కదిలింది కనబడదు. కానీ కదులుతాడు. భూమి ఎటుంటే అటు, కొంచెమే, కదులుతూనే ఉంటాడు." తడిచేతుల్ని చెంగుకి తుడుచుకుంది. "నాకు నాన్నున్నాడు, ఇల్లుంది, బడుంది. ఇంత బరువు పెట్టుకుని నేనెంత కదిలితే నీకు కనబడుతుంది? సైరన్ మోగిన దగ్గర్నించీ నీ బెల్లు వినబడేదాకా ఈ ఇంట్లో ఏ పనీ చేతికి రాదు నాకు. నిన్న నువ్వు కొట్టలేదు. అన్నం మాడబెట్టినాను."

బుజ్జిబాబు సైకిలు దిగాడు. స్టాండు వెయ్యడం కూడా మర్చిపోయాడు. అది గోడవారగా వాలి, జారి, కింద పడింది. అతను వెనక్కి చూడలేదు. తడి అరుగు మీద జాగ్రత్తగా అడుగులేసుకుంటూ, ఆవిడ పక్కనుంచి ఇంట్లోకి వెళ్ళాడు.

గణపతిరావు గారు పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్ర పోవడం లేదు, అలిగి ఉన్నారు. బుజ్జిబాబు వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు. ఈ పెద్దాయన్ని కాలనీ కుర్రాళ్ళంతా బాబాయ్ అనే పిలుస్తారు. బాబాయ్ అంటే కళ్యాణి చెల్లెలవుతుందని ఇతను అనలేదు. రెండో వరస కలిపే ధైర్యం లేక అదీ అనలేదు. ఇన్నేళ్ళూ గార్డు గారూ, గార్డు గారూ అంటూ నెట్టుకొచ్చాడు.

"మావయ్యా" అన్నాడు బుజ్జిబాబు.

పెద్దాయన కళ్ళు తెరవలేదు. కుర్చీ చేతుల మీద వేళ్ళు మాత్రం కదిలాయి. వాకిట్లో చీపురు చప్పుడు ఆగిపోయింది.

"ఏటన్నావు?"

"మావయ్యా అన్నాను. కళ్యాణిని నాకియ్యండి. నాను అడగలేక ఇన్నాళ్ళూ తిరిగినాను."

గణపతిరావు గారి మూసిన రెప్పల కింద నుంచి ఒక నీటి చుక్క మీసంలోకి జారింది.

"ఇందాక ఆ పెద్దావిడ ఏ వరసని అడిగితే సెప్పుకోడానికి నా కాడ మాట లేదురా" అన్నారు. "ఇంకోసారి అను."

బుజ్జిబాబు ఈసారి వాకిట్లోకి కూడా వినబడేలా అన్నాడు.